నేలవేము చేదు, ఎలుక ఆకలి: ఒక యానిమల్ హౌస్ డైరీ

జనవరి 11

నేలవేము పొడిని నెలల తరబడి తింటే లివర్‌కు ఏమవుతుందో ఎలుకల్లో చూడటం నా థీసిస్ పని. దానికి ముందు చేసే చిన్న ట్రయల్, నాలుగు వారాల పైలట్, ఈరోజుతో అయిపోయింది. నేలవేము పొడి 2 శాతం కలిపిన మేత తిన్న మగ ఎలుకలు, మామూలు మేత తిన్నవాటికన్నా సగటున 40 గ్రాములు తక్కువ తూగాయి. గైడ్ మేడమ్ షీట్ చూసి ఒక్కటే అడిగారు. "ఏమ్మా, ఇది పొడి చేసిన పనా, ఆకలి చేసిన పనా?"

నా దగ్గర జవాబు లేదు. నేలవేము ఎంత చేదో మా చిత్తూరు వైపు పిల్లలకు కూడా తెలుసు. జ్వరం వస్తే అవ్వ కషాయం కాచి, ముక్కు మూసి గొంతులో పోసేది. ఎలుకకూ నాలుక ఉంది. రోజుకు 18 గ్రాములు తినేవి మొదటి మూడు రోజులు 11 గ్రాములు కూడా సరిగా తినలేదు. తర్వాత కొంచెం అలవాటు పడ్డాయి గానీ పాత లెక్కకు రాలేదు. తక్కువ తింటే ఎవరైనా చిక్కిపోతారు, దానికి మేతలో విషమే ఉండక్కర్లేదు. ఈ రెండిటినీ విడదీయకుండా ఆరు నెలల స్టడీ మొదలుపెడితే, చివర్లో మళ్లీ ఇదే ప్రశ్న దగ్గర నిలబడతాను.

ట్యూబుతో నేరుగా కడుపులోకి పంపితే చేదు గొడవే ఉండదని ల్యాబ్‌లో ఒకరన్నారు. నిజమే. కానీ 180 రోజులు, రోజూ ప్రతి ఎలుకనూ మెడ దగ్గర పట్టుకుని గొంతులోకి ట్యూబు దించడం వాటికి పెద్ద హింస, చేయి తప్పితే ప్రాణమే పోతుంది. మనుషులు ఈ పొడిని నెలల తరబడి తిండితోపాటే మింగుతారు. ఎలుకలకూ తిండిలోనే పెట్టాలని నిర్ణయించుకున్నాను.

జనవరి 24

ఈ పది రోజులూ చదవడమే సరిపోయింది. చదివేకొద్దీ ఒక విషయం మనసులో నాటుకుంది. కంట్రోల్ గ్రూపు అంటే మనం ఏమీ చేయని ఎలుకలు అనుకుంటాం. హాపర్ అనే మేత తొట్టి నిండా పెల్లెట్లు, అంటే మేత బిళ్లలు పోసి, ఇరవై నాలుగు గంటలూ ఇష్టమున్నంత తినమని వదిలేస్తాం. ల్యాబ్‌లో దీన్ని యాడ్ లిబ్ అంటారు. పనీ పాటా లేకుండా చిన్న పెట్టెలో కూర్చున్న ప్రాణికి ఎదురుగా ఎప్పుడూ తిండి పెట్టి ఉంచడం కూడా మనం దానికి చేస్తున్న పనే. దాని ఫలితాలు దానికి ఉంటాయి.

1935లోనే కార్నెల్‌లో క్లైవ్ మెక్‌కే చూపించారు, పోషకాలు లోటు రాకుండా కేలరీలు మాత్రం తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని. అసలు తలనొప్పి తర్వాత వచ్చింది. మందుల కంపెనీలు ఎక్కువగా వాడే స్ప్రేగ్ డాలీ జాతి ఎలుకల్ని దశాబ్దాల తరబడి త్వరగా పెరగాలని, ఎక్కువ పిల్లల్ని పెట్టాలని ఎంచుకుంటూ వచ్చారు. యాడ్ లిబ్ మేతతో అవి బాగా లావెక్కాయి. కిడ్నీలు పాడవడం, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డలు, రొమ్ము గడ్డలు ఏ మందూ తగలని కంట్రోల్ ఎలుకల్లోనే ఎక్కువయ్యాయి. రెండేళ్ల క్యాన్సర్ స్టడీలో కొన్నిచోట్ల గడువు నిండకముందే సగానికి పైగా పోయేవి. ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ రాసిన గైడ్‌లైన్ ప్రకారం ఒక్కో గ్రూపులో 50 మగ, 50 ఆడ ఎలుకలు ఉండాలి. అన్ని ప్రాణాలు పెట్టి, చివరికి పోల్చడానికి కంట్రోల్ ఎలుకలే మిగలకపోతే ఆ స్టడీ ఎందుకు? 1990ల్లో మెర్క్ కంపెనీలో కెవిన్ కీనన్ బృందం మేతను యాడ్ లిబ్‌లో 75 శాతం దగ్గరికి కట్టడి చేసి చూసింది. కిడ్నీ జబ్బు తగ్గింది, గడ్డలు ఆలస్యంగా వచ్చాయి, ఎక్కువ ఎలుకలు చివరిదాకా నిలిచాయి. ఒకే గ్రూపులో ఒకటి బక్కగా, ఒకటి బండలా ఉండే తేడా కూడా తగ్గింది.

అలాగని కొలిచి పెట్టడమే అన్నిటికీ మందు అనుకోకూడదు. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 1997లో వేసిన రిపోర్టులో ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. కడుపునిండా తిన్న ఎలుకల్లో రసాయనం వల్ల బయటపడ్డ కొన్ని గడ్డలు, మేత తగ్గించిన ఎలుకల్లో కనిపించలేదు. అంటే కట్టడి ఎలుకను కాపాడినట్టే ప్రమాదాన్ని కూడా దాచగలదు. ఇది చదివాక, యాడ్ లిబ్ కంట్రోల్‌ను తీసేసి కొలిచిన మేతతోనే అంతా నడపాలన్న నా మొదటి ఆలోచన మానుకున్నాను. రెండూ పక్కపక్కనే ఉండాలి.

చదువుతుంటే నీలగిరుల్లోని కూనూర్ కూడా గుర్తొచ్చింది. బ్రిటిష్ డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బ్రిటిష్ కాలంలో అక్కడి ల్యాబ్‌లో ఒక గుంపు ఎలుకలకు గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలుండే సిక్కుల తిండి, ఇంకో గుంపుకు అన్నమే ఎక్కువగా ఉండే మద్రాసు తిండి పెట్టారు. మొదటివి ఏపుగా పెరిగాయి, రెండోవి చిక్కి జబ్బుపడ్డాయి. అప్పట్లో మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ ఎలుకల ముందున్నది మన ముత్తాతల కంచమే. ఆ ల్యాబే 1958లో హైదరాబాద్ వచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఫిబ్రవరి 3

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. నాలుగు గ్రూపులు, ఒక్కోదాంట్లో 6 మగ, 6 ఆడ విస్టార్ జాతి ఎలుకలు, మొత్తం 48. యాడ్ లిబ్ కంట్రోల్, తక్కువ డోస్, ఎక్కువ డోస్, నాలుగోది జతమేత గ్రూపు. ఈ నాలుగో గ్రూపు కోసమే ఇంత తంటా. ఎక్కువ డోస్ గ్రూపులో ప్రతి ఎలుకకూ అదే బరువున్న ఒక జోడీ ఈ గ్రూపులో ఉంటుంది. పొడి తిన్న ఎలుక నిన్న ఎన్ని గ్రాములు తిందో, దాని జోడీకి ఈరోజు అన్ని గ్రాముల మామూలు మేతే పెడతాం. ఇద్దరి ఆకలీ ఒకటే, పొడి ఒకరికే. ఇద్దరిలోనూ ఒకేలా కనిపించే మార్పు ఆకలిది. పొడి తిన్న ఎలుకలోనే కనిపిస్తే, పొడిని అనుమానించాలి.

కమిటీ ఒక షరతు పెట్టింది. ఏ ఎలుకైనా బరువు 20 శాతం దాటి తగ్గితే దాన్ని వెంటనే స్టడీలోంచి తీయాలి. ఇంకో సభ్యుడు మంచి ప్రశ్న వేశారు. ఎవరెంత తిన్నారో తెలియాలంటే ఒక్కో ఎలుకను విడిగా ఉంచాలి కదా, ఎలుక ఒంటరిగా ఉండగలదా? ఉండలేదు. అది గుంపు ప్రాణి, ఒకదాని మీద ఒకటి పడుకుంటేనే దానికి నిద్ర. జంటగా వదిలితే పెత్తనం చేసేది ముందు తినేస్తుంది, రెండోదానికి మిగిలినది దక్కుతుంది.

రేణిగుంట రోడ్డులో స్టీల్ పని చేసే షెడ్డుకు వెళ్లి, చిల్లులున్న స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో కేజ్ మధ్యలో నిలబెట్టే అడ్డు చేయించాను. చిల్లు 6 మిల్లీమీటర్లు. ముక్కు ఆనించి వాసన చూసుకోవచ్చు, మీసాలు తగులుతాయి, పెల్లెట్ మాత్రం దూరదు. రేకు అంచు చేతికి గీరుకుంటోందని చెబితే షెడ్డు అన్న 24 రేకులూ మళ్లీ నున్నగా రాయించి ఇచ్చాడు. మొదటి రాత్రే రెండు ఎలుకలు రేకుకు అటొకటి ఇటొకటి వీపు ఆనించి పడుకున్నాయి. పక్కనే ఉండి తాకలేకపోవడం వాటికి ఎలా ఉంటుందో అని మనసుకు కష్టంగానే ఉంది. అందుకే వారానికి రెండుసార్లు, మిగిలిన మేత తూచేశాక కొత్త మేత వేసేముందు, ఒక గంట అడ్డు తీసేస్తున్నాను.

ఫిబ్రవరి 12

మేత తయారీ. ఇది అనుకున్నంత తేలిక కాదు.

పొడి మేతలో నేలవేము పొడి కలిపి గిన్నెలో పెడితే ఎలుకలు కాళ్లతో గోకి సగం బయటికి తోస్తాయి. అందుకని పెల్లెట్లే చేయాలి. మొదట గాంధీ రోడ్డులో కొన్న మురుకుల గొట్టంతో ఒత్తాం. వారానికి ఆరు కిలోల పైన మేత కావాలి, రెండో రోజుకే అరచేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు చేత్తో తిప్పే మిన్సర్‌తో చేస్తున్నాం. తడి పిండిని ఒత్తి, బొటనవేలంత ముక్కలు కోసి, 50 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెడతాం. అంతకన్నా వేడి పెడితే విటమిన్లకూ, నేలవేముకు చేదునిచ్చే ఆండ్రోగ్రఫోలైడ్‌కూ మంచిది కాదు.

ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది. పొడిని ఒకేసారి కిలో మేతలో వేసి కలిపితే ఒకచోట గడ్డగా ఉంటుంది, ఇంకోచోట ఉండదు. 10 గ్రాముల పొడికి ముందు 10 గ్రాముల మేత, ఆ 20కి 20, ఆ 40కి 40, ఇలా రెట్టింపు చేసుకుంటూ కలుపుతాను. మందులు నూరేవాళ్లు ఎప్పటినుంచో చేసే పద్ధతే. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల నుంచి పెల్లెట్ తీసి, దేంట్లో ఏ పదార్థం ఎంతుందో కొలిచే యంత్రం హెచ్‌పీఎల్‌సీలో చూస్తే మూడూ దాదాపు ఒకటే వచ్చాయి.

కంట్రోల్ ఎలుకల మేతను కూడా ఇలాగే తడిపి, ఒత్తి, ఆరబెడుతున్నాను. బస్తాలో వచ్చిన గట్టి పెల్లెట్ ఒక గ్రూపుకు, మేం ఒత్తిన మెత్తటి పెల్లెట్ ఇంకో గ్రూపుకు పెడితే ఆ తేడా కూడా పొడి ఖాతాలో పడుతుంది. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, మెత్తటి మేతతో అవి అరగవు. అందుకే ప్రతి కేజ్‌లో కొరకడానికి ఒక చెక్క ముక్క వేశాం.

ఫిబ్రవరి 20

మా యానిమల్ హౌస్ అన్న ఇక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నేను పొద్దున తొమ్మిదికి మేత పెడుతుంటే వెనకాల నిలబడి చూసి, "ఇవి తినేది రాత్రిళ్లు కదా పాపా. పొద్దున్నే పెడితే ఎట్లా?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎలుక తినేదాంట్లో ఎక్కువ భాగం దీపాలు ఆర్పాకే తింటుంది. యాడ్ లిబ్ ఎలుక రాత్రంతా కొంచెం కొంచెంగా కొరుకుతుంది. జతమేత ఎలుక మాత్రం పెట్టిన మేత పెట్టినట్టే గబగబా తినేసి, మిగతా రోజంతా ఖాళీ కడుపుతో ఉంటుంది. పొద్దున పెడితే దాని గడియారమే తలకిందులవుతుంది. రోజూ ఒకే సమయానికి మేత వస్తుందని తెలిస్తే అంతకు ముందునుంచే లేచి తిరగడం మొదలుపెడుతుంది, ఒంట్లో హార్మోన్లు కూడా ఆ వేళకు తగ్గట్టు జరుగుతాయి. అప్పుడు రక్తం తీస్తే ఒక ఎలుక భోంచేసి ఉంటుంది, ఇంకోటి పస్తు ఉంటుంది. ఆ రెండు రక్తాల్నీ పోల్చి ఏం రాయాలి?

వేళలు మార్చాను. సాయంత్రం నాలుగుకు మిగిలిన మేత తూయడం, ఐదున్నరకు మేత, ఆరుకు దీపాలు ఆర్పడం. జతమేత ఎలుకలకు సగం ఐదున్నరకు, సగం రాత్రి పదికి. పదికి నేనే వస్తున్నాను. హాస్టల్ దగ్గరే కాబట్టి సరిపోయింది. ఆదివారం అన్న వస్తానన్నాడు. "నీకోసం కాదులే, వాటికోసం" అన్నాడు.

మార్చి 6

తుంపుల సంగతి.

హాపర్‌లో వేసిన మేతలోంచి మిగిలినది తీసేస్తే తిన్నది తెలుస్తుందని కాగితం మీద రాసుకున్నాం. ఎలుక పెల్లెట్‌ను రెండు ముందుకాళ్లతో పట్టుకుని, తిప్పుతూ, అంచు నుంచి గీరి తింటుంది. గీరినంతా నోట్లోకి పోదు. కింద వరిపొట్టులో తుంపులు రాలతాయి, మూత్రంతో తడుస్తాయి, రెట్టలతో కలుస్తాయి. అదంతా తిన్నట్టే లెక్కేస్తే తప్పు. చేదు మేత గ్రూపులో రాలిన తుంపులు ఇంకా ఎక్కువ. అవి కొరికి చూసి వదిలేస్తున్నాయి.

ఇప్పుడు హాపర్ కింద సన్న జాలీ ఉన్న చిన్న ట్రే పెట్టాను. రోజూ ట్రేలో పడిన తుంపుల్లోంచి రెట్టలు పట్టకారుతో ఏరేసి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తాను. 48 ట్రేలు, రెండు గంటల పని. మొదటి వారం లెక్క చూసి గుండె జారింది. ఎక్కువ డోస్ గ్రూపులో ఒక ఎలుక రోజుకు 16 గ్రాములు తింటోందని రాసుకున్నాను. తుంపులు తీసేస్తే అది తిన్నది 13 గ్రాములే. అంటే దాని జోడీకి ఇన్నాళ్లూ 3 గ్రాములు ఎక్కువ పెట్టాను. ఆ మూడు వారాల లెక్కను జతమేత పోలికలోంచి తీసేస్తున్నట్టు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను. రాస్తుంటే చేయి బరువెక్కింది, కానీ రాయకుండా ఉంటే ఇంకా బరువు.

మార్చి 28

డోస్ లెక్క ఇంకో చిక్కు తెచ్చింది. 120 గ్రాముల పిల్ల ఎలుక రోజుకు 12 గ్రాములు తింటుంది. మేతలో పొడి 1 శాతం ఉంటే దాని ఒంట్లోకి 120 మిల్లీగ్రాములు వెళ్తుంది, కిలో బరువుకు 1000 అన్నమాట. అదే ఎలుక 400 గ్రాములకు ఎదిగాక తినేది 20 గ్రాములు. అదే 1 శాతం మేతతో 200 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 500. ఎలుక పెరిగేకొద్దీ మేత మారకుండానే డోస్ సగమైపోతుంది. డోస్ నిలబడాలంటే పొడి శాతాన్ని వారం వారం పెంచాలి. పెంచితే చేదు పెరుగుతుంది. చేదు పెరిగితే తినడం తగ్గుతుంది. తినడం తగ్గితే డోస్ మళ్లీ పడిపోతుంది.

ఈ చక్రం లోంచి పూర్తిగా బయటపడే దారి నాకు దొరకలేదు. వారానికి 0.1 శాతానికి మించకుండా మెల్లగా పెంచుతున్నాను. ఒంట్లోకి నిజంగా ఎంత వెళ్లిందో ప్రతి వారం తూకాల నుంచి లెక్కగట్టి విడిగా రాస్తున్నాను. థీసిస్‌లో 1000 అని ఒక్క అంకె వేయకుండా, ఏ వారం ఎంతో అదే వేస్తాను.

ఏప్రిల్ 17

బస్తా మేత ధర పెరిగింది. మా ఊళ్లో గానుగ దగ్గర వేరుశనగ చెక్క చవగ్గా దొరుకుతుంది కదా, అది కలిపి సొంతంగా మేత చేసుకోమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. మంచి మనసుతోనే చెప్పింది. నేను గట్టిగా వద్దన్నాను. మా ఇంట్లో మూడు తరాలుగా వేరుశనగ పండిస్తున్నాం. కోత సమయంలో వాన పడి కాయ సరిగా ఎండకపోతే పప్పు మీద పచ్చగా బూజు ఎలా వస్తుందో నేను చూశాను. ఆ బూజు చేసే అఫ్లాటాక్సిన్ కంటికి కనిపించదు, చెక్కలో అలాగే ఉండిపోతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఏం జబ్బో తెలియక టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. చివరికి కారణం బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశనగ చెక్క అని తేలింది. అఫ్లాటాక్సిన్ బీ1 ఎలుక లివర్‌కు క్యాన్సర్ తెచ్చే విషాల్లో చాలా గట్టిది. నేను చూడాలనుకుంటున్నదే లివర్. కంట్రోల్ మేతలోనే ఆ విషం ఉంటే ఇక నేలవేము గురించి నేనేం చెప్పగలను?

బస్తా మేతే కొంటున్నాను. తయారీ తేదీ, బ్యాచ్ సర్టిఫికెట్ చూసి, ప్రతి బస్తా నుంచి 200 గ్రాములు మైనస్ 20 ఫ్రీజర్‌లో దాస్తున్నాను. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మేత ఉంటుంది.

మే 19

గంగమ్మ జాతర వారం. ఊరంతా వీధుల్లోనే ఉంది. మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. నేను వచ్చేసరికి గది 31 డిగ్రీలు. ఎలుకలు పొట్ట కిందికి ఆనించి బారుగా సాగి పడుకున్నాయి. అన్న తడి గోనెపట్టాలు కిటికీలకు కట్టాడు, నేను నీళ్ల సీసాలు మార్చాను. మూడు గంటలకు కరెంటు వచ్చింది. ఒక్క ఎలుక కూడా పోలేదు.

ఆ రాత్రి నాలుగు గ్రూపులూ మేత తగ్గించాయి. తింటే ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే ఎండకు అవి ముందు తిండి మానేస్తాయి. యాడ్ లిబ్ కంట్రోల్ కూడా 19 నుంచి 14కు పడిపోయింది కాబట్టి ఇది పొడి వల్ల కాదని రాయగలిగాను. ఆ గ్రూపే లేకపోతే ఈ వారం ఎక్కువ డోస్ ఎలుకల ఆకలి తగ్గుదలను నేలవేము మీదే వేసేదాన్ని.

ఆ గందరగోళంలో నేనూ ఒక తప్పు చేశాను. 31వ నంబర్ మేతను 33కు, 33 మేతను 31కి వేశాను. రెండు రోజుల తర్వాత తూకం షీట్‌లో తేడా కనబడింది. రెండిటినీ ఆ వారం లెక్కలోంచి తీసేసి, కారణం రాశాను. ఇప్పుడు గిన్నెకూ కేజ్‌కూ ఒకే రంగు టేపు వేశాం.

జూన్ 2

పదిహేడో వారం. తోక నరం నుంచి రక్తం తీశాం. మగ ఎలుకల సగటు బరువులు: యాడ్ లిబ్ కంట్రోల్ 412 గ్రాములు, జతమేత 361, ఎక్కువ డోస్ 352. కంట్రోల్‌తో చూస్తే పొడి తిన్నవి 60 గ్రాములు చిక్కాయి. అందులో 51 గ్రాములు పొడి ముట్టని జోడీలూ చిక్కాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువ డోస్‌లో తగ్గాయి, జతమేతలోనూ అంతే తగ్గాయి. పైలట్ పద్ధతిలోనే వెళ్లి ఉంటే "నేలవేము కొవ్వు తగ్గిస్తుంది" అని ఒక పేపర్ రాసేదాన్ని. ఎవరో దాన్ని చదివి చూర్ణం సీసా మీద అచ్చు వేసేవాళ్లు.

మిగిలిన 9 గ్రాముల తేడా ఏమిటో ఇంకా తేలలేదు. ఎక్కువ డోస్ ఆడ ఎలుకల్లో ఇద్దరికి ఋతుచక్రం క్రమం తప్పింది, జతమేతలో ఒకదానికి. ఆకలికి ఇది మామూలే. ఆకలికి ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కూడా కుంగుతుంది, మెదడు బరువు మాత్రం పెద్దగా తగ్గదు. ఆరు నెలలయ్యాక అవయవాలు తూచేటప్పుడు ఈ రెండూ నాకు కొలబద్దలు.

జూన్ 9

రాత్రి పది మేతకు ఎర్ర బల్బు వేసుకుని వెళ్తాను. ఎరుపు వాటికి సరిగా కనబడదు. జతమేత గ్రూపులో 27వ నంబర్ ఆడ ఎలుక నా అడుగుల చప్పుడుకే లేచి జాలీ పట్టుకుని నిలబడుతుంది. మేత పడగానే ముందు తినదు. పెల్లెట్ నోట కరచుకుని మూలకు వెళ్లి, వెనుదిరిగి కూర్చుని, అప్పుడు మొదలుపెడుతుంది. రేకుకు అవతల దాని పక్కింటిది ముక్కు ఆనించి వాసన చూస్తుంది. దాని ఒంటి మీద వెంట్రుక మెరుపు బాగుంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి, బరువు నిలకడగా ఉంది. అది ఆకలితో నన్ను చూస్తోందని తెలిసి రోజూ ఆ కేజ్ ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడతాను.

ఈరోజు దాని జోడీ తిన్నది 13.4 గ్రాములు. రేపు ఐదున్నరకు 27కు 6.7, పదికి ఇంకో 6.7. షీట్‌లో రాసి తలుపు మీద అతికించాను. రేపు ఆదివారం, పొద్దున నీళ్ల సీసాలు అన్న చూసుకుంటాడు.